జోజన్న ఇంటి లైటు

కరోనా తగ్గిన రెండో ఏడు. అప్పటికి నేను వర్ధన్నపేట రోడ్డు మీద అరెకరం పాలీహౌస్‌లో చామంతి పెంచడం మొదలుపెట్టి ఐదేళ్లయింది. పాలీహౌస్ అంటే ఇనుప గొట్టాల మీద తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్డు. ఎండా వానా పురుగూ మన చెప్పుచేతల్లో ఉంటాయని చెప్పి కట్టిస్తారు. మే నెలలో ఒక్క మధ్యాహ్నం లోపల నిలబడితే ఎవరు ఎవరి చెప్పుచేతల్లో ఉన్నారో తెలిసిపోతుంది. మాది కాశిబుగ్గ, మగ్గాల ఇల్లు. రోజూ పొద్దున ఏడింటికి బండి మీద వచ్చి, సాయంత్రం ఐదున్నరకల్లా ఇంటిదారి పట్టేదాన్ని. చీకటి పడ్డాక నా పంట ఎలా ఉంటుందో ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. నా తప్పంతా అక్కడే ఉంది.

షెడ్డుకు ఉత్తరం వైపు, గోడ అవతలే జోజన్న ఇల్లు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య లూర్దమ్మ వదిన దవాఖానలో నర్సు చేసి రిటైరైంది. మా కూలీలకు బీపీ చూసేది, మాత్రలు వేసుకోనివాళ్లను పట్టుకొని తిట్టేది. తిట్టడం అయ్యాక ఒక తెల్ల చామంతి తుంచుకొని ముక్కు దగ్గర పెట్టుకునేది. "ముప్పై ఏండ్ల డెట్టాల్ వాసన చెల్లె, ఇంకా ముక్కులనే ఉన్నది. దీంతోనే పోతది" అనేది. క్రిస్మస్ అయిన వారానికి ఆమెకు ఆయాసం వచ్చింది. దవాఖానకు వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.

జూన్ నెలలో జోజన్న మా షెడ్డులోకి వచ్చాడు. చాలాసేపు డ్రిప్ పైపులు చూస్తున్నట్టు నటించి, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"చెల్లె, నవంబర్ రెండున మాకు సమాధుల పండుగ. మీ వదినకు ఇదే మొదటిది. దండలు నాకొద్దు. పొద్దున ఏస్తే మాపటికి వాడిపోతయ్. ఏర్లున్న మొక్కలు కావాలె. తెల్లయి. సమాధి సుట్టూ నాటుత."

ఆ రోజు క్రైస్తవ కుటుంబాలన్నీ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. మొగ్గ మీదున్న చామంతిని మట్టిగడ్డతో సహా పెళ్లగించి వేరేచోట నాటినా బతుకుతుంది కాబట్టి ఆయన అడిగింది కష్టమేమీ కాదు.

"ఫికర్ జెయ్యకన్నా. పండుగనాటికి విచ్చుకున్న పువ్వులతోనే మొక్కలిస్త" అన్నాను. మాటిచ్చి ఊరుకోకుండా ఉత్తరం మూల మడి మొత్తం వదినకే కేటాయించాను. వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటే పలచటి ప్లాస్టిక్ గుండా మొక్కలు ఆయనకు కనిపిస్తాయని నా ఆలోచన.

ఇక్కడ చామంతి గుణం కొంచెం చెప్పాలి. దీన్ని షార్ట్ డే ప్లాంట్ అంటారు. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లు ఆకులేసుకుంటూ ఎదుగుతుంది, రాత్రులు పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. అందుకే కాడలు బాగా పెరగాలనుకున్నన్నాళ్లు షెడ్డులో రాత్రిపూట కొన్ని గంటలు బల్బులు వెలిగించి మొక్కను మభ్యపెడతాం. పూలు కావాలనుకున్నప్పుడు బల్బులు ఆపేస్తాం. అక్కణ్నుంచి రెండు నెలలు రాత్రంతా నిఖార్సయిన చీకటి ఉండాలి. ఈ బల్బులు వాటంతట అవే వెలిగి ఆరిపోయే టైమర్‌ను నాకు బిగించి ఇచ్చింది కూడా జోజన్నే.

సెప్టెంబరు మొదట్లో బల్బులు ఆపేశాను. ఇరవై రోజులకు మడులన్నిటిలో ఆకుల నడుమ చిన్న చిన్న మొగ్గలు పడ్డాయి. వదిన మడిలో ఒక్కటీ లేదు. ఆకులు మాత్రం దర్జాగా, ముదురాకుపచ్చగా ఉన్నాయి.

మా దగ్గర ఏళ్లుగా పనిచేసే కొమురమ్మ నడుం మీద చేయి పెట్టుకొని తేల్చేసింది. "దిష్టి తాకింది అక్కా. జోజన్న రోజు గోడ మీదికెల్లి సూస్తాండు గదా."

"ఆయన పువ్వులకు ఆయన దిష్టే తాకుతదా?" అన్నాను. అయినా ఆమె నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది, నేనూ వద్దనలేదు. నా వంతుగా నేను నీళ్లు పరీక్ష చేయించాను, ఎరువు మార్చాను, వేర్లు తవ్వి చూశాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

ఐదో రోజు సాయంత్రం పెద్ద వాన. బయల్దేరలేక షెడ్డులోనే ఉండిపోయాను. పొద్దుగూకింది. అన్ని మడుల మీదా చీకటి దిగింది. ఉత్తరం మూల మాత్రం చేతిలో ఉన్న విత్తనాల పొట్లం మీద అక్షరాలు చదువుకునేంత వెలుతురుగా ఉంది. గోడ అవతల, జోజన్న ఇంటి మూల మీద ఫోకస్ లైటు, సూటిగా వదిన మడి మీదికి. ఆ మొక్కలకు ఇంకా రాత్రే కాలేదన్నమాట!

పోయినేడు ఈ తంటా లేదు కదా అనుకుంటూ వాన తగ్గగానే వాళ్లింటికి వెళ్లాను. జోజన్న చాయ్ పెట్టి ఇచ్చాడు.

"అన్నా, ఈ లైటు రాత్రంతా ఉంటదా?"

"ఉంటది. కరెంటు పోయినా ఉంటది. ఇన్వర్టర్‌కు కలిపిన."

"దొంగల భయమా?"

నవ్వాడు. "మా ఇంట్ల దొంగలకేమున్నది చెల్లె. మీ వదిన నైట్ డ్యూటీకి పోయిన్నాడు ఈ లైటు ఏసేటోన్ని. తెల్లారి వచ్చి, చెప్పులిడిసి, ఆమె చేత్తోనే బంద్ జేసేది. ముప్పై ఏండ్లు గదే అలవాటు. ఆఖరుకు దవాఖానకు తీస్కపోయిన్నాడు గూడ ఏసే పోయిన." లైటు వైపు చూశాడు. "ఇగ బంద్ జేసెటామె రాలే."

లైటు ఆపమని చెప్పడానికే వెళ్లినదాన్ని. చాయ్ తాగి, కప్పు కడిగి పెట్టి తిరిగొచ్చాను.

మర్నాడు కొమురమ్మతో కలిసి ఉత్తరం వైపు నల్లగుడ్డ కట్టించాను. పక్కనుంచి పడే వెలుతురు ఆగింది కానీ పైకప్పు మీదినుంచి దిగేది ఆగలేదు. పైన కూడా కప్పుదామంటే ఆ ఉక్కపోతకు మొక్కలు కుళ్లిపోతాయి. పెరికి వేరే మడిలో పెడదామంటే ఖాళీ మడి లేదు, ఉన్నా పది రోజులు వెనక్కిపోతాయి. పండుగకు ఆరు వారాలు కూడా లేవు.

నల్లగుడ్డ కట్టిన రెండో రోజే జోజన్న వచ్చాడు.

"ఎందుకు చెల్లె ఈ గుడ్డ?"

"గాలికన్నా."

"ఉత్తరం దిక్కుకెల్లి ఇప్పుడు ఏ గాలొస్తాంది?"

ఆయన పక్క మడిలో మొగ్గలు చూశాడు. వదిన మడిలో ఉత్త ఆకులు చూశాడు. గుడ్డ ఒక అంచు పైకెత్తి తన ఇంటివైపు చూశాడు. ముప్పై ఏళ్లు కరెంటుతో బతికిన మనిషికి ఇంక విడమరిచి చెప్పేదేముంది?

"నీకు టైమర్ పెట్టిందెవలు?"

"నువ్వే అన్నా."

"మరి నాకు చెప్పద్దా?"

"నోరు రాలేదన్నా" అన్నాను, నాకు ఏడుపొచ్చింది. ఆయన గుడ్డ అంచు మెల్లగా వదిలేసి, "మీ వదిన పువ్వుల్ని నేనే ఆపిననా?" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆగి చూశాను. లైటు వెలిగింది. మర్నాడూ వెలిగింది. నేను అడగలేదు. ఇలాంటిది ఒక మనిషిని ఎలా తొందరపెడతాం? మూడో రోజు ఆయనే గోడ దగ్గరికి వచ్చి పిలిచాడు. "ఇయ్యాల జర ఆగి పో చెల్లె."

పొద్దుగూకే వేళకు వెళ్లాను. లైటు వేసే ఉంది. జోజన్న లోపలికి వెళ్లి వదిన చెప్పులు తెచ్చాడు. డ్యూటీకి వేసుకునే తెల్లచెప్పులు, శుభ్రంగా కడిగి ఉన్నాయి. వాటిని గడప పక్కన, ఆమె విడిచే చోట, జతగా పెట్టాడు. తర్వాత స్విచ్ దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. టక్కుమని లైటు ఆరిపోయింది.

"డ్యూటీ దిగింది" అన్నాడు.

ఆ మసక చీకట్లో ఇద్దరం కూర్చున్నాం. వీధిలోంచి పోయే బండి వెలుతురు చెప్పుల మీద పడి పోయింది.

నేనిచ్చిన మాట మాత్రం నిలబడలేదు. పండుగ ముందురోజు మడి తవ్వేసరికి మొగ్గలు శనగగింజంత ఉన్నాయి, కొసన తెల్లగీత తప్ప పువ్వన్నది లేదు. ముఖం చెల్లక వేరే మడిలోని విచ్చుకున్న పసుపు చామంతులు తీసుకెళ్లమన్నాను. వద్దన్నాడు. వదిన మడి మొక్కల్నే మట్టిగడ్డలతో సహా తట్టల్లో సర్దుకొని, నేనూ కొమురమ్మా తోడు వెళ్లగా, సమాధి చుట్టూ తన చేత్తోనే నాటాడు.

పండుగనాడు సమాధుల తోటంతా బంతిదండలు, గులాబీలు. వదిన దగ్గర ఉత్త పచ్చమొక్కలు. పక్క సమాధి దగ్గరి ముసలమ్మ ఉండబట్టలేక అడిగింది, "పువ్వుల్లేని మొక్కలేంది బిడ్డా?" అని. జోజన్న కొవ్వొత్తి వెలిగిస్తూ, "వస్తయమ్మా. మా ఇంటామె గూడ లేటుగనే వస్తుండె" అన్నాడు.

రెండు వారాలకు ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లి చూస్తే మిగతా సమాధుల మీద దండలు ఎండి నల్లబడి ఉన్నాయి. అంత తోటలో వదిన దగ్గర మాత్రం మొక్కమొక్కా తెల్లగా విరబూసి ఉంది. జోజన్న ఒక పువ్వు తుంచి వాసన చూసి నా చేతికిచ్చాడు.

అప్పటి నుంచి నేను నెలకొకసారైనా చీకటిపడేదాకా షెడ్డులో ఉంటున్నాను. పగటిపూట మాత్రమే చూసి పంట తెలుసనుకున్నాను, పక్కింటి మనిషి కూడా తెలుసనుకున్నాను. రెండూ నాకు సగమే తెలుసు.

ఆ సమాధి దగ్గరి పిలకలు ఇప్పుడు జోజన్న వాకిట్లో పెరుగుతున్నాయి. ఎండాకాలం నుంచి ఆగస్టు దాకా వాటికి రాత్రి వెలుతురు కావాలి కాబట్టి ఆయన లైటు మళ్లీ వెలుగుతోంది. ఆ చెప్పులు గడప పక్కనే ఉంటాయి. ఏటా సెప్టెంబరు మొదట్లో, నేను మరిచిపోయినా, ఆయన ఫోన్ మాత్రం తప్పదు.

"చెల్లె, ఇయ్యాల్టి సంది మా లైటు బంద్. నీ బల్బులు గూడ బంద్ జేస్కో. మీ వదిన వచ్చే టైమయింది."