ఇష్టం లేని ప్రార్థన

ఆసుపత్రి కుట్టుగదిలో దిండు గలీబులు కుట్టే ఆవిడకు సంఘంలో ఒక పేరుంది, పొడుగు ప్రార్థనమ్మ. ఎదురుగా ఎవరూ అనరు. ఆవిడ కళ్ళు మూసుకుని నోరు తెరిచిందంటే చాలు, ముసలివాళ్ళు ముందుజాగ్రత్తగా గోడకు జారగిలబడతారు, చంటిపిల్లల తల్లులు ఒక కన్ను తెరిచే ఉంచుకుంటారు. ఏలేవాళ్ళ దగ్గర మొదలుపెట్టి, రోగుల మీదుగా, దారిన పోయేవాళ్ళందరినీ పేరు పేరునా దేవుడికి అప్పజెప్పితే గానీ ఆవిడ నోట ఆమేన్ రాదు.

ఇంట్లో ఆవిడ పెద్దకోడలు. మరిది చేసుకొచ్చిన పిల్ల చిన్నకోడలు, రొట్టెల దుకాణంలో పొట్లాలు కడుతుంది. ఒకటే ఇల్లు, ఒకటే వంటగది. ఆ పిల్ల ప్రార్థన రెండే ముక్కలు: "ప్రభువా, ఫలానాది కావాలి. ఆపైన నీ ఇష్టం." అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఆ రెండు ముక్కలకు జవాబులు వచ్చి పడేవి. మరిదికి పని పోతే నెల తిరక్కుండా అంతకన్నా మంచి పని దొరికింది. కారే పైకప్పు వానకు ముందే బాగుపడింది. పెద్దకోడలు పెళ్ళయిన కొత్తల్లోంచీ ఒకే ఒక్కటి అడుగుతోంది, తన కడుపు పండాలని. ఏళ్ళు గడిచిపోయాయి. ఇంత మొత్తుకున్నా తన మాట విననివాడు, ఆ గొణుగుడు ఎలా విన్నాడన్నదే ఆవిడ బాధ.

దాన్ని కుళ్ళు అంటే ఒప్పుకునేది కాదు. తోడికోడలి ఆత్మీయ జీవితం గురించి తనకు భారమనేది. ఆ భారం సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బయటపడేది. "వాడిన గిన్నెలు వాడినచోటే వదిలేయు నీ బిడ్డలకు మంచి బుద్ధి దయచేయుము తండ్రీ" అనేది. కునికిపాట్లు పడుతున్న భర్త ఉలిక్కిపడి గట్టిగా ఆమేన్ అనేవాడు. చిన్నకోడలు కూడా మనస్ఫూర్తిగా ఆమేన్ అని, మర్నాడు పొద్దున్నే గిన్నెలన్నీ తోమి బోర్లించేది. చూసినవాళ్ళు ఆహా ఎంత అణకువ అని ఆ పిల్లనే మెచ్చుకునేవాళ్ళు. ఎప్పుడో ఒకసారి పెద్దకోడలి ప్రార్థనకు జవాబొస్తే, ఆ మెప్పూ చిన్నదానికే పోయింది.

ఇంతలో చిన్నకోడలు నీళ్ళోసుకుంది. పెద్దకోడలు నవ్వింది, కౌగిలించుకుంది, దేవుడికి స్తోత్రం అంది. పనికి వెళ్ళి ఒక గలీబును నాలుగు వైపులా మూసి కుట్టేసింది. ఇందులో దిండెలా దూరుతుందమ్మా అని మేస్త్రి అడిగితే గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది, ఏడవలేక.

ఆ ఆదివారం పాస్టరుగారు, మనిషి తన చేతకానితనం ఒప్పుకున్నచోటే దేవుడి బలం పని మొదలెడుతుందని చెప్పారు. పెద్దకోడలు బాగా తలూపి, ఈ మాట ఎవరికి తగులుతుందా అని వెనక వరుసల వైపు చూసింది. తన సంగతి తను చూసుకోగలననే ఆవిడ ధీమా. అది కుళ్ళేనని లోలోపల తెలిసొచ్చి, పోవాలని ఉపవాసం పట్టింది. కుళ్ళు పోలేదు సరికదా, ఆకలి తోడైంది. దాచుకున్న మెత్తటి శాలువా తీసి తోడికోడలికి ఇచ్చింది. అది కప్పుకుని ఆ పిల్ల బంగారు బొమ్మలా కనబడేసరికి, ఇచ్చిన చేతిని తనే కొరుక్కోవాలనిపించింది.

అయిదో నెలలో చిన్నకోడలికి రక్తం కనబడింది. కాన్పు దాకా మంచం దిగకూడదని, అప్పటికీ బిడ్డ నిలుస్తుందని మాటివ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ కబురు కుట్టుగదికి ఫోనులో వచ్చింది. వినగానే పెద్దకోడలి లోపల ఏదో చల్లబడింది. అది జాలి కాదు, దిగులూ కాదు. హాయి. అది సైతాను పని అనుకుందామన్నా కుదరలేదు, అది తన మనసే. మిషను తొక్కే కాళ్ళు ఆగిపోయాయి.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి చిన్నకోడలు వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తోంది.

"అక్కా, నువ్వు ప్రార్థన చెయ్యి. నీలాగా నాకు రాదు. నాకు భయంగా ఉంది."

పెద్దకోడలు మంచం పక్కన మోకాళ్ళూని కళ్ళు మూసుకుంది. పెద్ద పెద్ద మాటలన్నీ నాలుక చివర వరసగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఊరంతటి కోసం ప్రార్థించిన ఆ నోరు పెగల్లేదు.

"నావల్ల కావట్లేదు," అంది చివరికి. "నువ్వంటే నాకు కుళ్ళు. నువ్వీ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ కుళ్ళే. ఇందాక నీ కబురు వింటే నాకు హాయిగా అనిపించింది. ఈ నోటితో ఏమని అడగను?"

చిన్నకోడలు రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని గోడవైపు మొహం తిప్పుకుంది. ఇక పొమ్మంటుందని పెద్దకోడలు ఎదురుచూసింది. పొమ్మన్నా న్యాయమేననుకుంది.

"కుళ్ళని నాకు తెలుసు," అంది చిన్నకోడలు గోడవైపే చూస్తూ. ఆ గొంతులో కోపముంది. "గిన్నెల ప్రార్థన నాకు అర్థం కాలేదనుకున్నావా? నీకు ఇష్టం లేదని ఆయనతోనే చెప్పు. చెప్పి, అయినా అడుగు. నా బిడ్డ కోసం అడగడానికి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

పెద్దకోడలు మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డను కాపాడు. నాకు ఇష్టం లేదు. నాకు చేతకానిది నువ్వే చెయ్యి."

అంతే. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అంత చిన్న ప్రార్థన చేయలేదు. లేచేసరికి రవికె వీపంతా చెమటతో తడిసిపోయింది.

మర్నాటినుంచి రోజూ పనికి వెళ్ళేముందు ఆ గదిలోకి వెళ్ళేది. దుప్పటి మార్చేది, తల దువ్వేది, మోకాళ్ళూని ఆ మూడు మాటలే చెప్పేది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు. మరిది పెళ్ళానికి పళ్ళు తెస్తే కడుపు మండేది. పొట్ట ఎత్తు పెరుగుతుంటే ఇంకా మండేది. మండినన్నాళ్ళూ 'నాకు ఇష్టం లేదు' అన్న రెండో మాట తడుముకోకుండా వచ్చేది, చిన్నకోడలు దానికీ కలిపే ఆమేన్ అనేది. బిడ్డ సంగతేమిటని కంగారుపడకండి. పుట్టింది, నిక్షేపంగా ఉంది, పెద్దమ్మ దారపుకండెలన్నీ మంచం కిందికి దొర్లిస్తోంది. చెప్పవలసింది, అది పుట్టకముందు ఒక పొద్దుటి సంగతి.

ఆ రోజు పనికి ఆలస్యమైపోతోంది. పెద్దకోడలు దుప్పటి మార్చి, గబగబా ప్రార్థన ముగించి, మోకాలు పట్టుకుని లేవబోయింది. ఆమేన్ వినబడలేదు.

"అక్కా, మధ్యలో ఒక మాట వదిలేశావు," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఆగి గుర్తుచేసుకుంది. నిజమే. ఆ మాట కోసం లోపలంతా వెతికింది. ఉంటే చెప్పేద్దామనే వెతికింది.

"ఇవాళ రాలేదే," అంది ఆశ్చర్యంగా. "రేపు మళ్ళీ వస్తుందేమో."

"వస్తే రేపు చెప్పుకుందువుగానిలే," అని, చిన్నకోడలు అప్పుడు ఆమేన్ అంది.