గవర్నమెంటు గడ్డి

పీయూసీ పాసైతే చాలు, ఇక లోకంలో మనిషికి తెలియనిదంటూ ఏదీ మిగలదని ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మేదాన్ని. చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని ఉద్యోగి అయిన మేనమామ ఇంట్లో ఉండి సైన్సు చదివి, డిగ్రీలో చేరేలోగా క్యాసంబళ్ళి పక్కనున్న మా ఊరికి వచ్చాను. (మార్కుల సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.) మా చేను వాలులో ఉండేది. ముందటేడు వానకు ఎర్రమన్ను కొట్టుకుపోయి అడుగున రాళ్ళు తేలాయి. ఆ ఏడు ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. చేనికి అడ్డంగా గట్టు పోయించి, దానిమీద నాటడానికి గడ్డి పిలకలు ఊరికే ఇస్తుంది. ఆఫీసరు వచ్చి చూసేనాటికి ఆ గడ్డి బతికి ఉంటేనే కింది సగానికి రెండో గట్టు పోయిస్తుంది, లేదంటే లేదు. రెండో గట్టు లేకపోతే మిగిలిన మన్నూ పోతుందని మా అవ్వకు నిద్ర పట్టేది కాదు.

గడ్డి బతికింది. ఆ సంగతి మా ఎర్రావు కూడా గమనించింది. ఒక పొద్దున పలుపు తెంచుకుని పోయి, ప్రభుత్వం ఇచ్చిన గడ్డిని వేళ్ళతో సహా ముగించి, తీరిగ్గా నెమరేస్తూ ఇంటికి వచ్చింది. (ఆ పూట పాలు మాత్రం కాస్త ఎక్కువే ఇచ్చింది.) అవ్వ తల పట్టుకుని గట్టుమీద కూలబడింది. అప్పుడు నా చదువు నిద్రలేచింది. రాగి కూడా గడ్డి జాతిదేనని, లేత వయసులో రెండింటికీ తేడా ఆఫీసరు తాతకు కూడా తెలియదని వివరించాను. మడిలో రాగినారు ఎటూ మిగిలి ఉంది. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఇంగ దీనికా నిన్ను అంత దూరం పంపి చదివిచ్చింది" అని కొంగు బిగించింది. సాయంత్రానికి గట్టంతా పచ్చబడింది.

ఆఫీసరు ఇదిగో అదిగో అంటూ చాలా ఆలస్యంగా వచ్చాడు. గొడుగు చంకలో పెట్టుకున్న పెద్దమనిషి. నేను ముందు నడుస్తూ గడ్డి కుటుంబం గురించి, పీచువేళ్ళ గురించి ఆయనకు పాఠం చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ వంగి, సాళ్ళ మధ్య దేన్నో వేలితో తాకాడు. నేనూ చూశాను. రాగి నాటాక మధ్యలో అనప చిక్కుడు గింజలు వేయకుండా మా అవ్వ చెయ్యి ఊరుకోదు, మా వైపు ఎవరి చెయ్యీ ఊరుకోదు. సాలు తప్పకుండా అనప మొలకలు ఆకులు విప్పుకుని నిలబడి ఉన్నాయి. నా పాఠం అక్కడితో ఆగింది.

అవ్వ మాత్రం తడుముకోలేదు. "ఆవు మేసేసిందప్పా. మన్ను పోతే మళ్ళా యాడ తెచ్చేది? అందుకే ఇట్ల చేసినాము" అంది.

ఆయన గట్టును చెప్పుకాలితో తన్ని చూశాడు. మన్ను కదల్లేదు. "గట్టు నిలిచి ఉండాది కదమ్మా, అది చాలు. రెండోది పోయిస్తాను. దానిమీద గడ్డే నాటల్ల, ఆవును కట్టెయ్యల్ల" అన్నాడు. జీపు ఎక్కబోతూ నావైపు తిరిగాడు. "ఈ గడ్డి కంకి ఏసినంక చెప్పు పాపా. ఆ అనపల పితికిపప్పు పులుసుతో ముద్ద తినేకి వస్తాను."

వచ్చాడు కూడా. తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుంటూ, గవర్నమెంటు గడ్డి రుచిగా ఉందని అవ్వను మెచ్చుకున్నాడు. అవ్వ ఆ పేరు వదల్లేదు. బతికినన్నాళ్ళూ మొదటి గట్టుమీద రాగి నాటి, దాన్ని అలాగే పిలిచింది.

తర్వాత నేను కాలేజీలో వృక్షశాస్త్రమే చెప్పి రిటైరయ్యాను. గడ్డి కుటుంబం పాఠం వచ్చిన ప్రతిసారీ, ఆ గట్టుమీద ఆఫీసరుకు ముందు నడిచిన పిల్ల గుర్తొచ్చి నవ్వు ఆపుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లకున్నంత ధైర్యం నాకు మళ్ళీ ఏ తరగతి గదిలోనూ రాలేదు.