పరుపుబండ మీద నక్కంత గుర్రం

డెబ్బైల మొదట్లో కొండాపూర్ బడిలో సైన్సు టీచర్‌గా చేరాను. మాది గోదావరి వైపు. బాలానగర్‌లో కిరాయికి ఉంటూ సైకిల్ మీద బడికి వెళ్లేదాన్ని. చీర కట్టి సైకిల్ తొక్కుతున్నానని దారిలో జనం నవ్వితే, ఇంకా జోరుగా తొక్కేదాన్ని.

తొమ్మిదో తరగతికి గుర్రం పరిణామం చెప్పాలి. నక్కంత జంతువు నుంచి నేటి గుర్రం దాకా పటం గీసి గోడకు తగిలించాను. ఆ వారమే ఇన్‌స్పెక్షన్. హెడ్మాస్టరు పటం చూసి ముఖం చిట్లించారు.

"జర అది తీసెయ్యమ్మా. ఊరి పెద్దలు గూడ వస్తరు. గుర్రం పాలసముద్రంల పుట్టిందని అందరికీ ఎరికే. నక్కంత ఉండెనంటే నవ్వరా?"

"అది పురాణం సార్, తెలుగు క్లాసులో చెప్పుకుందాం. ఇది రాళ్లలో దొరికిన ఎముకల సంగతి. నేను తీయనండి."

ఆయనే తీసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు ఒళ్లు మండింది. బడి వెనక నేల మీద చదునుగా పరుచుకున్న పెద్ద పరుపుబండ ఉంది. మర్నాడు పొద్దున్నే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, ఆ జంతువులన్నిటినీ సున్నంతో అసలు కొలతల్లో గీయించాను.

గీయడం పూర్తయ్యేసరికి ఇన్‌స్పెక్షన్ వాళ్లు బండ దగ్గరికి వచ్చారు. ఇన్‌స్పెక్టరుతో పాటు వచ్చిన ఊరి పెద్దాయన ఒకరు మొదటి బొమ్మ దగ్గర ఆగారు.

"ఇదేంది, కుక్కనా?"

హెడ్మాస్టరు మమ్మల్ని బడిలోకి పొమ్మని సైగ చేశారు. మేం కదల్లేదు. ముందున్న అమ్మాయి గొంతెత్తింది.

"కుక్క గాదు తాతా, గుర్రమే! అప్పట్ల అడవిల ఆకులు తింటుండె. ముందటి కాళ్లకు నాలుగేసి వేళ్లుండె. అడవులు తగ్గి గడ్డిబీళ్లు పెరిగినంక ఉరకాలె గద! కోట్ల ఏండ్లల్ల నడిమి వేలు ఒక్కటే మిగిలి గిట్ట అయింది. వేరే రకాలు గూడ శానా ఉండె, అవన్నీ అంతరించినయి."

"నువ్వు చూసినవా?"

"పాలసముద్రం నువ్వు చూసినవా తాతా?"

హెడ్మాస్టరు ఆ అమ్మాయి మీదికి చెయ్యెత్తారు. నేను మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.

"అడగడం నేర్పింది నేనండి. ఏమన్నా అంటే నన్ను అనండి."

ఎత్తిన చెయ్యి దిగింది. పెద్దాయన మాత్రం బొమ్మ పక్కన గొంతుక్కూర్చుని, చేత్తో కొలిచి, "మూరెడు గూడ లేదు గదనే!" అని పకపకా నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు.

ఆ ఏడాదంతా హెడ్మాస్టరు నాతో మాట్లాడలేదు. మానితే మానారనుకున్నాను. వానలకు సున్నం కొట్టుకుపోయింది. మరుసటి ఏడు ఆ పాఠం రాగానే, ఎవరినీ అడక్కుండా కొత్త పిల్లలతో బండెక్కాను.