నిండు బిందె

మొదటిసారి విమానం ఎక్కడానికి, ముందురోజు సాయంత్రమే నేనూ మా ఆవిడా రాజమండ్రి ఎయిర్‌పోర్టు దగ్గర ఒక చవక హోటల్లో దిగాం. గుమస్తా తాళంచెవి ఇస్తూ, "పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతారండి?" అన్నాడు. మంచినీళ్లు తెచ్చినప్పుడూ అదే ప్రశ్న. మనం ఎప్పుడు వెళితే వీడికేంటి? నాకు ఒళ్లు మండింది. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, సూట్‌కేసు మంచం కిందకి తోసేశాను.

పొద్దున్న మేం గడప దాటుతుంటే, తలంటుకుని బొట్టు పెట్టుకున్న ఒకావిడ నిండు బిందెతో ఎదురొచ్చింది.

"మా ఇంటావిడండి," అన్నాడు గుమస్తా. "మీరు మొదటిసారి ఎక్కుతున్నారని అమ్మగారు చెప్పారు. శకునం బాగుంటుందని రమ్మన్నానండి."

ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి సూట్‌కేసు తాళాన్ని లాగి చూస్తోంది. అతను అది చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.