ముందు గది మగ్గానిదా, చిన్నమ్మదా?

నేను సోలాపూర్ వెళ్ళింది దుప్పట్లు కొనడానికి కాదు. మా చిన్నమ్మ ఫోన్ చేసి "మీ చిన్నాయన నువ్వు చెప్తే ఇంటడు బిడ్డా, ఒక్కసారి వచ్చి పో" అంది. ఆయన ఎవరు చెప్పినా వినడని మా బంధువులందరికీ తెలుసు. అయినా బయలుదేరాను. చిన్నమ్మ ఇంట్లోనే బీడీలు చుడుతుంది. ఈమధ్య చూపు మందగించింది. చీకటి గదిలో చుట్టినవి బాగాలేవని కార్ఖానాలో సగం పక్కన పారేస్తున్నారు, ఇలాగే ఉంటే ఇక బీడీలకు తునికాకు ఇచ్చేది లేదన్నారు. ఇంట్లో వెలుతురు వచ్చేది ముందు గదికే. అక్కడేమో చిన్నాయన మరమగ్గం తిష్ఠవేసింది.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి సోలాపూర్‌లో దిగొచ్చు. స్టేషన్ బయట షేర్ ఆటోలో అశోక్ చౌక్‌కు ఇరవై రూపాయలు తీసుకున్నారు. ఫోన్‌లో మరాఠీ మాట్లాడుతున్న డ్రైవర్ నా తెలుగు విని వెనక్కి తిరిగాడు. "తెలంగాణ నుంచా అక్కా? మా తాత గూడ ఆడికెళ్ళే వచ్చిండు. నేనైతే ఇంకా ఊరు చూడలే" అన్నాడు. అక్కడి నుంచి ఊరి చివర చిన్నమ్మ వాళ్ళ కాలనీకి నడిచిపోవచ్చు. ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనించి, రైలు పెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి. పక్కన కిటికీ పెట్టే వీలే లేదు. ప్రతి ఇంట్లోనూ మగ్గం దడదడలాడుతుంటే వీధిలో మనుషులు మామూలుగానే గట్టిగా మాట్లాడతారు.

చిన్నమ్మ జొన్నరొట్టె, పల్లీ పొడి పెట్టింది. సోలాపూర్ వెళ్ళి ఆ పొడి తినకుండా వచ్చేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. తింటూనే చిన్నాయన దగ్గర సంగతెత్తాను.

"నేనేమన్న ఒద్దన్ననా? ఈ పడుగు ఒడవనీ, మగ్గం లోపటికి జరుపుత, బరోబర్" అన్నాడు.

"నాలుగేండ్ల సంది గదే పాట" అంది చిన్నమ్మ.

ఆ పాటలో కిటుకు ఉంది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవస్తుంటే పూర్తిగా కోసేయరు. పాత దారాల కొసలకు కొత్త దారాలు ఒక్కొక్కటిగా ముడివేస్తారు. దారాలు ఎక్కి ఉన్న మగ్గాన్ని కదపడం కుదరదు. పైగా మగ్గం ఖాళీగా ఉండకూడదని ఆయన పట్టింపు. కాబట్టి చిన్నాయన పడుగు ఎప్పటికీ ఒడవదు! ఆరోజు కూడా ముడులు వేసే మనిషి రానే వచ్చి మగ్గం ముందు చతికిలబడ్డాడు.

"ఈసారికి ఆపు చిన్నాయనా" అన్నాను.

"పని నడుస్తుంటే ఎట్ల ఆపుతరే?" అని నా నోరు మూయించాడు.

చిన్నమ్మ వాదించలేదు. తునికాకు కత్తిరించే కత్తెర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వన్న కొయ్యి, నన్నన్న కొయ్యనియ్యి. నా పని పోతుంటే నీ మగ్గాన్ని ఇంకెన్నిరోజులు చూడాలె?"

చిన్నాయన కత్తెర పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్ళాడు. "నా చేతుల మీద ఎన్నడు ఉత్తగ పెట్టలే దీన్ని" అన్నాడు. తర్వాత తనే వంగి, దారాలను గుప్పిళ్ళతో పట్టుకుని కోశాడు. ముడులు వేసే మనిషే వీధిలో నలుగురిని పిలుచుకొచ్చి, బోల్టులు విప్పించి, మగ్గాన్ని లోపలికి నెట్టించాడు. ఆ దారాలన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలంటే ఎంత చాకిరో చిన్నాయనకు తెలుసు, పాపం.

నేను చెప్పిన ఒక్క మాటా పనికిరాలేదు. నా రైలు చార్జీలు దండగే. చిన్నమ్మను చూస్తే సంతోషం, మధ్యాహ్నమంతా లోపలికీ బయటికీ తిరిగిన చిన్నాయనను చూస్తే బాధ, రెండూ కలిగాయి. ఒకే ఇంట్లో ఇద్దరికీ పని ఉన్నప్పుడు వెలుతురు ఎవరికి అవసరమో ముందే అడగడం ఇంత కష్టమా అనిపించింది. ఈ కాలనీలు చూడాలనుకునేవాళ్ళకు ఒకటే సలహా. పగలు వెళ్ళండి, పిలిస్తే లోపలికి వెళ్ళండి, గుమ్మంలో మాత్రం నిలబడొద్దు. మర్నాడు నేను అలాగే నిలబడి ఫోటో తీయబోతే, ముందు గదిలో బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చిన్నమ్మ తల ఎత్తకుండానే అంది: "జర జరుగు బిడ్డా, నా ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్."