పరీక్ష కోసం ఆపిన నీరు

షంషుద్దీన్ డాక్టరు దగ్గరికి వెళ్ళిన ఏలూరు వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. ఆయన రోగిని ‘ఎలా ఉంది?’ అని అడగడు. రోగితో వచ్చిన భార్యనో, తల్లినో, అన్నదమ్ములనో పక్కకు పిలిచి, రాత్రి పడుకున్నాడా, కూర్చునే తెల్లవార్చాడా అని అడుగుతాడు. మధ్యలో రోగి నోరు తెరవబోతే ‘నిన్ను కాదు’ అని కసురుతాడు. ఇదేం వైద్యమని నవ్వుకునేవాళ్ళున్నారు. వాళ్ళకి తోమా సంగతి తెలియదు.

షంషుద్దీన్ తివాచీలు నేసేవాళ్ళ ఇంట్లో పుట్టాడు. తండ్రి రసూల్ మగ్గం ముందు కూర్చుని కూర్చుని చూపు పోగొట్టుకున్నాడు. కొడుకు కూడా చిన్నప్పుడు ఆ మగ్గం ముందే ముడులు వేశాడు. తర్వాత ఎలాగో మద్రాసు వెళ్ళి డాక్టరీ చదివి ఎల్.ఎం.పి. పాసయ్యాడు. 1934లో తిరిగొచ్చి, ఏలూరు కాలవ గట్టున ఉండే ఒక ధర్మాసుపత్రిలో శిక్షణకు చేరాడు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు.

అక్కడ ఏటా ముగ్గురు కుర్ర డాక్టర్లను తీసుకునేవారు. ఏడాది తిరిగేసరికి మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చి పరీక్ష పెట్టేవాడు. ఆ తర్వాత మూడు చోట్లలో ఎవరికేది కావాలో కోరుకోమనేవారు. ఫస్టు వచ్చినవాళ్ళది మొదటి కోరిక. ఒకటి ఏలూరులోనే ఆపరేషన్ గదిలో, పెద్ద డాక్టరు దేవసహాయంగారి పక్కన. రెండోది తాడేపల్లిగూడెం డిస్పెన్సరీలో. మూడోది కొల్లేరు పడవ. ఆ పడవలో లంకలన్నీ తిరుగుతూ, క్వినైన్ పోస్తూ, పుళ్ళు కడుగుతూ రెండేళ్ళు గడపాలి. పడవెక్కినవాడు మళ్ళీ కత్తి పట్టిన దాఖలా లేదు.

షంషుద్దీన్‌కి కత్తే కావాలి. ‘ఈ వేళ్ళు ఆపరేషన్ గదిలో ఉండాల్సినవోయ్’ అని దేవసహాయంగారు ఒకసారి అన్నారు. ఆ మాటతో అతనికి నిద్ర పట్టడం మానేసింది. పోటీకొచ్చిన ఇద్దరిలో పెంటపాడు మేష్టారి కొడుకు నిత్యానందాన్ని అతను లెక్కచెయ్యలేదు. అత్తిలి నుంచి వచ్చిన పుష్పలతంటే మాత్రం భయం. ఆవిడ పుస్తకం మొత్తం అప్పజెప్పగలదు.

ఆ పరీక్ష పుస్తకంలోంచి కాదు, మంచం పక్కన నిలబెట్టి జరిగేది. రోగిని చూపిస్తారు. చేత్తో చూసి, చెవితో విని, జబ్బేమిటో, అది ఎలా తెలిసిందో చెప్పాలి. అందుకని ముందునుంచే ‘మంచి కేసు’ల కోసం వేట మొదలయ్యేది. మంచి కేసంటే లోపలి జబ్బు బయటికి స్పష్టంగా తెలిసేవాడు. అలాంటివాడు దొరికితే వైద్యం కాస్త ఆపి ఉంచేవారు. నయమైపోతే చూపించడానికి ఏం మిగులుతుంది? ఇదేమీ గుట్టుగా చేసే పని కాదు. ప్రార్థన చెయ్యనిదే సూది ముట్టని దేవసహాయంగారు కూడా ఇందులో తప్పుందని ఏనాడూ అనుకోలేదు.

ఆ ఏడు వానల్లో కొల్లేటి లంకలోంచి తోమా అనే చేపలు పట్టే మనిషి, భార్య మార్తమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. జ్వరం, కుడి డొక్కలో పోటు. షంషుద్దీన్ అతని వీపు మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో కొట్టి చూశాడు. ఎడమవైపు ఖాళీ కుండలా పలికింది. కుడివైపు రాతిని కొట్టినట్టుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆ నీటి బరువుకి గుండె కూడా పక్కకి జరిగింది. ఇంత స్పష్టంగా పుస్తకంలో కూడా ఉండదు. అప్పుడతనికి కలిగింది జాలి కాదు, సంతోషం.

సూదితో ఆ నీరు లాగేస్తే మనిషి తేలికపడతాడు. కానీ ప్రస్తుతం ఆయాసం లేదు గనక పరీక్షదాకా ఆగవచ్చన్నారు దేవసహాయంగారు. ఆయాసం మొదలైన రోజే తీసెయ్యాలని కూడా అన్నారు. రోజూ పొద్దున్నే అడిగి తెలుసుకునే పని షంషుద్దీన్‌కి అప్పగించారు.

తోమాకి కిటికీ పక్క మంచం ఇచ్చారు. పాలిచ్చారు, గుడ్డిచ్చారు. జన్మలో ఎరగని ఈ మర్యాద ఎందుకని తోమా అడిగాడు. అక్కడే షంషుద్దీన్ చెయ్యకూడని పని చేశాడు. మంచం అంచున కూర్చుని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అంతా చెప్పాడు. నీరుంటేనే తను పరీక్షలో చూపించగలడనీ, నీరు పోతే తన గతి కొల్లేరు పడవేననీ చెప్పాడు. మా కొల్లేరు అంత చెడ్డదా బాబూ అని తోమా నవ్వాడు. షంషుద్దీన్ కూడా నవ్వాడు.

మా వైపు మనిషిని డాక్టరు ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటాడు. బాగోలేదంటే ఆ డాక్టర్నే తప్పుపట్టినట్టవుతుందని అతని మొహమాటం. ప్రాణం మీదికొచ్చినా మర్యాద తప్పడు. ఇది ఏలూరులో పుట్టిన షంషుద్దీన్‌కి తెలియని సంగతా? తెలుసు. తెలిసినా తనకి కావలసిన జవాబు వస్తుంటే ఎవడు మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతాడు?

రోజూ పొద్దున్నే అతను వచ్చేసరికి తోమా వెల్లకిలా పడుకుని ఉండేవాడు. ఆయాసం ఉందా అంటే లేదండి బాబుగారూ, సుబ్బరంగా ఉందండి అనేవాడు. ఆ మాట వినగానే షంషుద్దీన్ అతన్ని లేపి కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టేవాడు. వీపు మీద అరచెయ్యి ఆనించి ‘తొంభైతొమ్మిది’ అనమనేవాడు. నీరున్న చోట ఆ మాట అదురు చేతికి తగలదు. తోమాకి ఈ ఆట అలవాటై, అడక్కముందే అనేసేవాడు. మొదట్లో ఒక్క గుక్కలో అనేవాడు. పోనుపోను ‘తొంభై’ అని, ఆగి, ఊపిరి పీల్చి, ‘తొమ్మిది’ అనేవాడు. షంషుద్దీన్ తన చేతికి అదురు తగులుతోందా లేదా అనే చూసుకున్నాడు. ఆ ఆగడం అతని చెవిన పడలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు తోమానే చూడాలి. చీటీల్లో మొదటి వంతు షంషుద్దీన్‌కే వచ్చింది. ఇక చూడాలి అతని వాటం. కొట్టి చూపించాడు, విని చెప్పాడు, నీరు ఎంతవరకుందో వేలితో గీత గీసినట్టు చూపించాడు. మద్రాసు పెద్దాయన తల పంకించాడు. చివర్లో ఆయాసం సంగతేమిటన్నాడు. లేదండి, రోజూ నేనే స్వయంగా అడుగుతున్నానని షంషుద్దీన్ ధీమాగా చెప్పాడు.

పెద్దాయన ఏదో అలవాటు చొప్పున మంచం కాళ్ళవైపు నిలబడ్డ మార్తమ్మకేసి తిరిగి, ఈయన రాత్రిళ్ళు ఎలా పడుకుంటాడమ్మా అని అడిగాడు. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. తోమా చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

“పడుకోవడం ఎక్కడిదండి. నడుం వాలిస్తే ఊపిరాడదండి. రాత్రంతా నా భుజం మీద ఆనుకుని కూచుంటాడు. బాబుగారొచ్చే వేళకి నేనే పడుకోబెడతానండి. పరీక్షయ్యేదాకా చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండి.”

షంషుద్దీన్ తోమా మొహంకేసి చూశాడు. తోమా పెదవులు నల్లబడి ఉండటం అప్పుడు కనిపించింది. ఊపిరి కోసం మెడ నరాలు లాక్కుపోవటం అప్పుడు కనిపించింది. అవి ఆ పూట వచ్చినవి కావు. రోజూ తను చెవి ఆనించిన మనిషి మొహాన్ని తను చూడనే లేదు.

పెద్దాయన సూదీ సీసా తెప్పించి, నువ్వే తియ్యి అన్నట్టు షంషుద్దీన్‌కి చూపించాడు. తోమాని దిండు మీదికి వంచి కూర్చోబెట్టారు. వీపులో సూది దిగింది. ఎండుగడ్డి రంగు నీరు గొట్టంలోంచి సీసాలోకి జారటం మొదలుపెట్టింది. ఒక సీసా నిండింది. రెండోది పెట్టారు. తోమా ఊపిరి మెల్లగా నెమ్మదించింది. అతను తల కొంచెం పక్కకి తిప్పి, ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అన్నాడు.

“చాలండి బాబుగారూ. అంతా లాగెయ్యకండి. ఆ ఇద్దరూ ఇంకా చూళ్ళేదు కదండి. వాళ్ళకీ కాస్త ఉంచండి.”

వార్డులో అందరికీ వినపడింది. పుష్పలత గోడవైపు తిరిగిపోయింది. నిత్యానందం మొహంలో నెత్తురు చుక్క లేదు. షంషుద్దీన్‌కి మాత్రం ఆ మాట ఒక పట్టాన అర్థం కాలేదు. అర్థమయ్యాక సూది తియ్యకుండా మిగతా నీరంతా లాగేశాడు.

మిగతా ఇద్దరికీ వేరే రోగుల్ని చూపించారు. వాళ్ళలో గుర్తులు అంతంతమాత్రం. పుష్పలత కూడా తడబడింది. మధ్యాహ్నానికి షంషుద్దీన్ ఫస్టు అని తెలిసింది. అతను తిన్నగా దేవసహాయంగారి గదికి వెళ్ళి, ఈ ఫస్టు నాకు రాకూడదండి, ఒక మనిషిని చంపబోయాను అన్నాడు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

“ఎందుకోయ్ అంత బాధ? అందరం అలాగే పాసయ్యాం. నా పరీక్షకి ఆపి ఉంచిన మనిషి మర్నాడే పోయాడు. ఆ పేరు కూడా గుర్తులేదు నాకు.”

అని, కూర్చోమని టీ తెప్పించారు. ఆ మెత్తని గొంతు, ఆ దయగల మొహం భరించలేక షంషుద్దీన్ టీ ముట్టకుండా లేచి వార్డుకి వచ్చాడు.

తోమా వెల్లకిలా పడుకుని నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నిజమైన నిద్ర. మార్తమ్మ షంషుద్దీన్‌ని చూసి లేచి నిలబడింది. పాసయ్యారా అని అడిగింది. అతను తల ఊపాడు. ఆయన లేవగానే చెప్తాను, సంతోషిస్తాడు అంది. మళ్ళీ పరీక్షలెప్పుడని అడిగింది. వచ్చే ఏడు అన్నాడు.

“ఈలోపు మమ్మల్ని పంపించెయ్యండి బాబుగారూ. పరీక్షలప్పటికి మాత్రం ఈయన్ని ఇక్కడుంచకండి.”

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సాయంత్రం ముగ్గుర్నీ పిలిచారు. మెట్లెక్కుతున్నంతసేపూ షంషుద్దీన్ ఒకటే నిశ్చయం చేసుకున్నాడు. పడవ అంటాడు. ఇంకొకరిని చూసే లోపు, ఇంకో ఆలోచన వచ్చే లోపు అనేస్తాడు. ఆ లంకల్లో తోమాలు ఎంతమందో. దేవసహాయంగారు చిరునవ్వుతో, చెప్పవోయ్ షంషుద్దీన్, ఏది కావాలి అన్నారు.

“ఆపరేషన్ గదండి” అన్నాడు.

ఆ రోజు అతను చాలా విన్నాడు. వాటన్నిటికంటే అతన్ని ఎక్కువ నిర్ఘాంతపరిచింది తన నోటినుంచి వచ్చిన ఈ మాటే. వెనక్కి తీసుకోవటానికి వ్యవధి లేకపోలేదు. పుష్పలత తాడేపల్లిగూడెం అన్నది. ఏమీ అనవలసిన పని లేకుండానే నిత్యానందానికి పడవ మిగిలింది. ముగ్గురూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. తలుపు తెరిచే ఉంది.

రేపు పొద్దున్న ఆపరేషన్ ఉంది, పెందరాళే వచ్చి చేతులు కడుక్కో అన్నారు దేవసహాయంగారు. షంషుద్దీన్ అలాగేనండి అన్నాడు.