నిలువెత్తు బెల్లం

హెలికాప్టర్ రెక్కలు ఆగకముందే మమ్మల్ని దింపేశారు. ఉదయం పది. ఎటు చూసినా మంచు. చెట్టు లేదు, పిట్ట లేదు. "ముందు కిరోసిన్ డబ్బాలు, తర్వాత మనుషులు!" అని సుబేదార్ హిందీలో అరిచాడు. నేను ఆ సైనిక పోస్టుకు వంటవాడిని. సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టినవాడిని. చలంటే ఇంకో దుప్పటి కప్పుకుంటే పోయేదనుకునేవాడిని.

సుబేదార్ మొదటి ఉత్తర్వు ఒకటే. ఎర్ర జెండాలు దాటితే నడుముకు తాడు కట్టుకొని దాటాలి. మంచు కింద పగుళ్లుంటాయి. పైకి కనబడవు.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది కోరుట్ల. క్రైస్తవుడు. పొద్దున లేవగానే బంకర్‌లో కళ్లు మూసుకొని ప్రార్థన చేసేవాడు. నేను ఊరుకుంటానా?

"సెలవు దొరకాల్నని మొక్కు తమ్మీ. గుళ్లె కోడెను కడతనని చెప్పు, జల్ది అయితది."

"మా దేవునికి ఏం ఇయ్యనక్కర లేదన్నా. ముందుగాల్నే ప్రేమించిండు."

"ఉత్తగనే ఎవలు ప్రేమిస్తరు? మా అవ్వ సుత చెప్పినట్టు ఇంటెనే బువ్వ పెట్టేది."

అతను నవ్వి వైర్‌లెస్ సెట్ చెవికి పెట్టుకున్నాడు.

తాగే నీళ్లన్నీ మంచు కరిగించినవే. బంకర్ చుట్టూ మంచు స్టవ్ మసితో నల్లబడింది. చాయ్ కిరోసిన్ వాసన వస్తోందని అందరూ నన్ను తిట్టారు. ఒక మధ్యాహ్నం తెల్లటి మంచు కోసం డబ్బా, పార పట్టుకొని జెండాలు దాటాను. తాడు కట్టుకోలేదు. నాలుగడుగులే కదా అనుకున్నాను.

కాళ్ల కింద నేల పోయింది. రెండు మంచుగోడల మధ్య ఇరుక్కున్నాను. కుడి చేతి తొడుగు ఊడిపోయింది. డబ్బా ఇంకా కిందికి పోతూనే ఉంది, చప్పుడు వినబడుతూనే ఉంది.

పైన సుబేదార్ తిట్లు. తర్వాత తాడు దిగింది. నా ముఖం ముందే వేలాడింది. వేళ్లు ముడుచుకోవు. అప్పుడు నాకు తెలిసిన పనే చేశాను. మా దిక్కు కష్టమొస్తే మనిషి ఎంత తూగితే అంత బెల్లం ఇస్తామని మొక్కుతారు.

"యేసయ్యా! పైకి తియ్యి, నిలువెత్తు బెల్లం ఇస్త!"

పైనుంచి ఆపరేటర్ గొంతు. "ఏ తూకం అన్నా? గీ బూట్లతోనా, బూట్లు ఇడిచినంకనా?"

"నవ్వకురా! చేతులు పనిచేస్తలేవు. తాడు పట్టుకునుడు అయితలేదు!"

"పట్టుకోకు. నేనే దిగుతున్న."

"ఇద్దరూ పోతారు, వద్దు" అన్నాడు సుబేదార్. ఆపరేటర్ అప్పటికే ఇంకో తాడు కట్టుకున్నాడు. కిందికి వచ్చి నా చంకల కింద నుంచి తాడు తిప్పి, నన్ను తన ఛాతీకి కట్టుకున్నాడు. నేను ఏదో సాయం చేయబోయాను.

"నువ్వేం జెయ్యకన్నా. మొయ్యనియ్యి."

పైనున్నవాళ్లు ఇద్దరినీ కలిపి లాగారు. నా రెండు వేళ్ల కొనలు పోయాయి. మిగిలిన వేళ్లతో ముసలితనంలో మనవరాలి పలక మీద అక్షరాలు దిద్ది రాయడం నేర్చుకున్నాను. ఇది రాస్తున్నది వాటితోనే.

డ్యూటీ ముగిసింది. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. అతను నేరుగా ఇంటికి పోయాడు. నేను జగిత్యాలలో దిగి, బస్తాలు తూచే కాంటా మీద నిలబడి, అంత బెల్లం తూకం వేయించుకొని ఆటోలో కోరుట్ల పోయాను. అతని తల్లి గుమ్మంలో నిలబడింది.

"గిదేంది కొడుకా, పెండ్లి బెల్లమా?"

"మొక్కు బెల్లం అమ్మా. మీ దేవునికి."

కొడుకు జరిగిందంతా చెప్పాడు. ఆమె నా వేళ్లు చేతిలోకి తీసుకుంది.

"నిన్ను తీసేటప్పుడు ఎవలన్న తూచిండ్రా?"

"లేదమ్మా."

"మరి గిప్పుడెందుకు తూగినవ్? మొక్కు అంటే నేను తీసుకోను. వంటోనివి గదా, పొయ్యి అంటియ్యి. పాయసం వండు, వాడకంతా పెడదాం."

వండాను. వాడంతా తిన్నది. ప్రార్థనకు పోయేవాళ్లు తిన్నారు, పోనివాళ్లూ తిన్నారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నా గిన్నెలో రెండుసార్లు వేసింది.

దేవుడు మంచివాళ్లను ప్రేమిస్తాడని నా ముందు అనకండి. ఆ పూట నా దగ్గర ఒక్క మంచిపని లేదు. ఉత్తర్వు తప్పాను. దింపిన తాడు కూడా పట్టుకోలేకపోయాను. ఎప్పుడు నమ్మావని అడిగితే నేను చర్చి పేరు చెప్పను. ఆ మంచుగోడల మధ్య, నీలం వెలుగులో తల పైకెత్తి చూస్తున్నాను. మంచుపొడి నా ముఖం మీద రాలుతోంది. రెండు బూట్ల అడుగులు నా వైపు దిగి వస్తున్నాయి.